మందు కొట్టి పడిపోయాడంటే, ఏ మందు?

"మందు కొట్టి పడిపోయాడండి!"

ఆటోలో ఒక మనిషిని ఆసుపత్రికి తెచ్చి, వెంట వచ్చినవాళ్ళు ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే డ్యూటీ డాక్టరుకు సగం సంగతే తెలుస్తుంది. సార్వా చేలో దోమకు పొద్దుటినుంచి మందు కొడుతూ పడిపోయాడా? సాయంత్రం కాలువ గట్టున కూచుని మందు కొట్టి పడిపోయాడా? మాట ఒకటే, వైద్యం మాత్రం ఉత్తర దక్షిణాలు.

తెలుగులో మందు అన్న మాట మోసినంత బరువు మరే మాటా మోయదేమో. జ్వరానికి మందు, పురుగుకు మందు, సీసాలో మందు, తుపాకీలో మందు, దీపావళికి మందుగుండు. అత్తారింటికి వెళ్ళొచ్చిన అల్లుడు కాస్త మెత్తబడితే 'మందు పెట్టేశారు' అన్న అనుమానం సరేసరి. కోనసీమలో లాకుల పక్కనున్న చిన్న ఊళ్ళో మందుల షాపు కౌంటరు వెనక ఇరవై ఏళ్ళుగా నిలబడుతున్నాను. 'ఇది ఎలాంటి మందండీ?' అని అడగని రోజు లేదు. చిక్కేమిటంటే ఆ ప్రశ్నకు ఒకటి కాదు, నాలుగు సరైన జవాబులున్నాయి. చట్టం ఒక లెక్కన విడదీస్తుంది, డాక్టరు ఒక లెక్కన, రసాయన శాస్త్రం మరో లెక్కన. శరీరానికి దాని లెక్క దానిది. ఒకరి జవాబు పట్టుకెళ్ళి ఇంకొకరి ప్రశ్నకు అతికించినప్పుడే కొంపలు మునుగుతాయి. 'చీటీ లేకుండా ఇచ్చారు కాబట్టి ఏమీ కాదు', 'డాక్టరు రాశాడు కాబట్టి అలవాటు పడదు', 'పసరు మందు కాబట్టి మంచిదే' అనేవన్నీ ఆ అతుకులే.

ముందు శరీరం లెక్క చూద్దాం, ఎందుకంటే ఆటోలో వచ్చిన మనిషి ఇంకా బల్ల మీదే ఉన్నాడు. నరం చివరినుంచి కండకూ గ్రంథికీ కబురు మోసే పదార్థం పేరు ఎసిటైల్‌కోలిన్. కబురు అందగానే దాన్ని ముక్కలు చేసేసే ఎంజైము ఒకటి పక్కనే కాచుకుని ఉంటుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులు ఆ ఎంజైము చేతులు కట్టేస్తాయి. ఇక కబురు ఆగదు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొనంత, ఛాతీలో గురగుర, కండలు అదిరి అదిరి చివరికి చచ్చుబడటం. ఇంత చొంగ, ఇంత చిన్న కంటిపాప తాగి పడిపోయినవాడిలో కనపడవు. అందుకే డాక్టరు మొదట టార్చి వేసి కళ్ళు చూస్తాడు.

దీనికి విరుగుడు అట్రోపిన్. ఎసిటైల్‌కోలిన్ వచ్చి కూచునే పీటల్లో ఒక రకం మీద ఇది ముందే ఎక్కి కూచుంటుంది, కబురు వచ్చినా దిగడానికి చోటుండదు. అట్రోపిన్ లాంటి పదార్థాలే ఉమ్మెత్తలోనూ ఉన్నాయి, మనం వినాయక చవితి పత్రిలో తెచ్చుకునే ఉమ్మెత్తే. పొరపాటున దాని కాయ తిన్న పిల్లాడిని చూస్తే పైన చెప్పినదంతా తలకిందులుగా కనిపిస్తుంది. నోరు పిడచకట్టి, చర్మం ఎర్రగా సలసలా కాలి, కంటిపాపలు విప్పారి, లేని మనుషులతో మాట్లాడుతుంటాడు. ఒకరికి విషమైనదే మరొకరికి ప్రాణం పోస్తోంది. 'మందు', 'విషం' అన్న రెండు డబ్బాలు శరీరం దగ్గర లేవు. ఏ పీట మీద, ఎంత, ఎంతసేపు అన్నదే దాని లెక్క.

ఆ పీటల్లో ఇంకో రకానికి నికోటిన్ పేరే పెట్టారు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు, దాంతో చుట్టిన చుట్ట, ముసలాయన పొద్దున్నే దాన్ని వెలిగించగానే వచ్చే ఆ హుషారు అంతా ఆ పీట చలవే. ఆ ముసలాయన కొడుకు వరిలో సుడిదోమకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కూడా పని చేసేది ఇదే పీట మీద. మనిషి పీటకంటే పురుగు పీటకు బాగా అతుక్కుంటుంది, అంతే తేడా. తండ్రి చుట్టకూ కొడుకు డబ్బాకూ చుట్టరికం ఉందని ఆ ఇంట్లో చెబితే నన్ను వింతగా చూశారు.

ఇప్పుడు నిద్రమాత్రల సంగతి. దీనికి లస్కరు కావాలి. డెల్టాలో పుట్టినవాళ్ళకు లస్కరంటే ఎవరో చెప్పనక్కర్లేదు, కాలువ మీద తూము తలుపు ఎత్తేదీ దించేదీ అతనే. మెదడులో గాబా అనే పదార్థానిది ఆ ఉద్యోగం. నరకణం గోడకు క్లోరైడు లోపలికి పారే తూములుంటాయి. గాబా వచ్చి తలుపెత్తితే క్లోరైడు పారుతుంది, ఆ కణం చల్లబడుతుంది. ఆల్ప్రజోలామ్, డయజిపామ్ లాంటి బెంజోడయజిపైన్లు చేసేదల్లా లస్కరును తొందరపెట్టడమే, తలుపు మాటిమాటికీ ఎత్తిస్తాయి. లస్కరే లేకపోతే వాటి పప్పు ఉడకదు. వాటికంటే పాతవైన బార్బిట్యురేట్లు అలా కాదు. ఎత్తిన తలుపును చాలాసేపు దించనివ్వవు, మోతాదు పెరిగితే లస్కరుతో నిమిత్తం లేకుండా తామే ఎత్తేస్తాయి. నిద్రమాత్రలుగా వాటి కాలం చెల్లిపోయిందీ, ఫినోబార్బిటాల్ లాంటివి ఇప్పుడు ఎక్కువగా ఫిట్స్ వైద్యానికే మిగిలిందీ అందుకే. సీసాలో మందు కూడా ఈ తూము దగ్గరికే వస్తుంది (ఇంకా చాలా చోట్లకు వెళ్తుందనుకోండి). నిద్రమాత్ర వేసుకుని పైన రెండు పెగ్గులు పోసినవాడి లెక్క ఒకటీ ఒకటీ రెండు కాదు. మెదడు కింది భాగంలో ఊపిరిని నడిపే చోటు కూడా చల్లబడటం మొదలవుతుంది.

నెలల తరబడి తూములు అలా తెరిచే ఉంటే మెదడు ఊరుకోదు. తూముల్ని మొద్దుబారుస్తుంది, హుషారు పుట్టించే గ్లూటమేట్ పక్షాన్ని బలపరుస్తుంది. అప్పుడు పాత మోతాదు చాలదు, ఒక్కసారిగా మానేస్తే ఎదురుదెబ్బ తగులుతుంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేని మాటలు వినపడతాయి, ఫిట్స్ వస్తాయి. తెలంగాణలో 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు జరిగింది ఇదే. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రజోలామ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్. కల్లు ఆగిన రెండు మూడు రోజులకు జనం వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు వచ్చారు. 'కల్లు మానితే ఇంతా?' అని ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు. వాళ్ళ ఒంట్లోంచి పోయింది కల్లు ఒక్కటే కాదు. డాక్టరు చీటీ మీదే వేసుకున్నా శరీరం లెక్క ఇంతే. 'రోజూ అర బిళ్ళేనండి, ఆరేళ్ళ నుంచి' అనే పెద్దమ్మలు నా షాపుకు నలుగురైనా వస్తారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మానెయ్యకండి, డాక్టరు దగ్గరకెళ్ళి తగ్గించుకుంటూ రండి.

నల్లమందు కుటుంబానిది మరో దారి. మార్ఫిన్, కోడీన్, ట్రమడాల్, హెరాయిన్ అన్నీ మన ఒళ్ళు స్వయంగా తయారుచేసుకునే ఎండార్ఫిన్ల పీటల మీద కూచుంటాయి. ఆ పీటలు నొప్పి దారిలో ఉన్నాయి, ఊపిరి నడిపే చోటా ఉన్నాయి, పేగుల్లోనూ ఉన్నాయి. నల్లమందు తినేవాళ్ళకు మలబద్ధకం ఎందుకో దీంతో తెలుస్తుంది. విరేచనాలకు మీరు వేసుకునే లోపెరమైడ్ ఏ కుటుంబమో కూడా తెలుస్తుంది. అదీ ఈ వంశమే! అయితే మెదడు గుమ్మం దగ్గర కాపలా ఉన్న పంపులు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి నెట్టేస్తాయి, మామూలు మోతాదులో పేగు దగ్గరే ఆగిపోతుంది. దగ్గు మందులో ఉండే కోడీన్ సంగతి వేరు, దానిలో కొంత భాగాన్ని కాలేయం మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరి కాలేయం పుట్టుకతోనే ఈ పనిలో మరీ చురుకు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు కోడీన్ ఇవ్వకూడదని అంటున్నది అందుకే. పోయినసారి పెద్దవాడికి రాసిన సీసాలోంచి చిన్నదానికి ఒక మూత పోసేవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

ఇక 'మత్తు' అన్న మాట. ఆపరేషన్ ముందు వచ్చే ఆయన మత్తు డాక్టరు, సరే. పేపర్లో కొకైన్ పట్టుబడినా 'మత్తు పదార్థం' అనే రాస్తారు. కొకైన్, యాంఫెటమిన్ మనిషిని మత్తులో ముంచవు, నిద్రే పోనివ్వవు. హుషారు కబుర్లు మోసే డోపమైన్, నార్‌అడ్రినలిన్ తిరిగి గూటికి చేరకుండా కొకైన్ దారి కాస్తుంది, గుండె దడదడలాడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. కుర్రవాడికి కూడా గుండెపోటు తెప్పించగలదు. ఈ గందరగోళం తెలుగుకు మాత్రమే పట్టింది కాదు, చట్టానికీ ఉంది. ఔషధ శాస్త్రంలో నార్కోటిక్ అంటే నల్లమందు జాతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో మాత్రం కొకైన్ కూడా నార్కోటిక్కే, గంజాయీ నార్కోటిక్కే. ఆ చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకూ గింజా గంజాయి కిందికి రావు, కాబట్టే ఆకుతో చేసే భంగు కథ వేరు. మెదడుకు ఈ తేడా తెలీదు, దానికి ఆకైనా పూతైనా తలకెక్కే అసలు సరుకు, అంటే టీహెచ్‌సీ, ఎంత వచ్చిందన్నదే లెక్క. మన్యం నుంచి దిగిన మూట రాజమండ్రి దారిలో పట్టుబడితే పోలీసులు ముందు తూకం వేస్తారు. కిలో లోపు ఉంటే చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం, దానికి తక్కువలో తక్కువ పదేళ్ళ జైలు. సారా, పొగాకు ఈ చట్టంలోనే లేవు. వాటివల్ల పోయే ప్రాణాలు తక్కువనా? కాదు. 'ఇది ఒంటికి ఎంత చెడ్డది' అన్నది చట్టం అడిగే ప్రశ్న కాదు. 'దీన్ని ఎవరి చేతిలో ఉంచాలి' అన్నదే దాని ప్రశ్న.

మందుల పట్టీ మీద కనిపించేది కూడా ఈ చేతుల లెక్కే. 1940 నాటి ఔషధ చట్టం, దాని కింద వచ్చిన 1945 నియమాలు మందుల్ని షెడ్యూళ్ళుగా పంచాయి. హెచ్ అంటే చీటీ ఉండాలి. హెచ్1 అని 2013లో 46 మందులతో కొత్త పట్టిక పెట్టి 2014 నుంచి అమలు చేశారు. గట్టి యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, ఆల్ప్రజోలామ్, ట్రమడాల్ లాంటివి అందులో ఉన్నాయి. ఇవి ఎవరు రాశారో, ఎవరికి ఇచ్చామో నేను పుస్తకంలో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. ఎక్స్ ఇంకా కఠినం, చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి నా దగ్గరే రెండేళ్ళు ఉండాలి. కెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ అందులోనివి.

ఆ పట్టీ మీద ఇంగ్లీషులో 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేకుండా అమ్మరాదు' అని ఉంటుంది. పొట్టిగా ఆర్‌ఎంపీ. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ అంటే సైకిలు పోయి బండి వచ్చినా సంచీ మాత్రం మారని, ఏ రిజిస్టరులోనూ పేరు లేని మన ఊరి డాక్టరుగారు! చట్టం వద్దన్నవాడినీ చట్టం కావాలన్నవాడినీ ఒకే మూడక్షరాలతో పిలుచుకుంటున్నాం. ఆయన్ని తీసిపారెయ్యను, అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే. కానీ కీళ్ళ నొప్పులకు ఆయనిచ్చే పేరులేని పొట్లం దగ్గరే నాకు పేచీ. వేసుకున్న మూడో రోజుకు నడుం పట్టు వదిలి నాట్లకు వెళ్ళగలుగుతారు, ఆకలి పెరుగుతుంది, ముఖం నిండుగా అవుతుంది. 'ఒళ్ళు చేశావే' అంటారు ఇరుగుపొరుగు. అది ఒళ్ళు కాదు, డెక్సామెథసోన్. ఇలాంటి స్టెరాయిడ్‌ను నెలలకొద్దీ వేసుకుంటే సుగరు లేస్తుంది, ఎముక గుల్లవుతుంది, మూత్రపిండాల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి నిద్రపోతాయి. పొట్లం ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే లేవలేవు. రక్తపోటు పడిపోయి మనిషి కూలబడతాడు.

పేరుంటే చాలా తెలిసిపోతుంది, రసాయన శాస్త్రం లెక్క దాక్కునేది అక్కడే. పట్టీ మీద కంపెనీ పెట్టిన పెద్ద పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూడండి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, మందులకు వెనకొస్తుంది. బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్, లోసార్టాన్: ఇంటిపేరు సార్టాన్. బీపీకీ గుండెకూ ఇచ్చే అటెనొలాల్, మెటొప్రొలాల్: ఒలాల్. కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్: స్టాటిన్. అమలాపురం డాక్టరు ఒక సార్టాన్, కాకినాడ డాక్టరు మరో సార్టాన్ రాస్తే, రంగు వేరు డబ్బా వేరని రెండూ మింగేవాళ్ళను చూశాను. పెన్సిలిన్ పడనివాళ్ళకు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ కూడా పడకపోవచ్చని చెప్పేదీ ఆ సిలిన్ తోకే. అయితే తోక మరీ కురచగా పట్టుకోకూడదు. 'అజోల్' దాకా చూసి ఆగితే ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లానికి, ఫ్లుకొనజోల్ తామరకు, ఆల్బెండజోల్ నులిపురుగులకు. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు.

డాక్టర్ల లెక్క ఒంట్లో ఏ భాగానికి అన్న దాన్ని బట్టి మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే ఏటీసీ పద్ధతిలో 14 పెద్ద గుంపులున్నాయి, జీర్ణవ్యవస్థ, రక్తం, గుండె అంటూ. ఒక మందు ఒకచోటే ఉండాలని లేదు. దీని మీద మొన్న కౌంటరు దగ్గర చిన్న పంచాయతీ జరిగింది.

"ఏవండీ, ఇది మా ఆయన గుండె బిళ్ళ. తలనొప్పి బిళ్ళ కూడా ఇదేనని మా మరిది అంటున్నాడు. నిజమేనాండీ?"

"ఆయ్, నిజమేనండి. కానీ తలనొప్పికి ఇది చాలదండి."

ఆ బిళ్ళ ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు. ఆస్పిరిన్‌కు ఏటీసీలో మూడు చోట్ల ఇళ్ళున్నాయి: రక్తం గుంపులో ఒకటి, నరాల గుంపులో నొప్పి మందుగా ఒకటి, నోటి మందుల్లో ఇంకోటి. శరీరంలో మాత్రం అది చేసేది ఒకే పని, నొప్పికీ రక్తం గడ్డకట్టడానికీ పనికొచ్చే కాక్స్ అనే ఎంజైమును శాశ్వతంగా పాడుచెయ్యడం. మామూలు కణమైతే కొత్త ఎంజైము తయారుచేసుకుంటుంది. రక్తాన్ని గడ్డ కట్టించే ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, తయారుచేసుకోలేదు. దాని ఆయుష్షు ఏడు నుంచి పది రోజులు, అన్నాళ్ళూ అది అవిటిదే. అందుకే రోజుకు చిటికెడు మోతాదుతో రక్తం పని అయిపోతుంది. నొప్పి తగ్గాలంటే ఎప్పటికప్పుడు కొత్త ఎంజైము చేసుకునే కణాలతో పోరాడాలి, దానికి 75 ఏ మూలకూ రాదు. ఆవిడకు నేను చెప్పిన రెండో మాట, ఆయన తలనొప్పికి ఐబుప్రొఫెన్ కొనకండని. అది అదే ఎంజైము గుమ్మంలో కాసేపు అడ్డంగా నిలబడుతుంది. నిలబడినంతసేపు ఆస్పిరిన్ లోపలికి పోలేదు, ఈలోగా ఆస్పిరిన్ రక్తంలోంచి మాయమైపోతుంది. గుండె బిళ్ళ వేసుకున్నట్టే ఉంటుంది, వేసుకోనట్టే అవుతుంది.

మనుషుల షాపులో నేను పుస్తకంలో రాసి ఇచ్చే జాతి మందులే రొయ్యల చెరువుల వైపూ నడుస్తుంటాయి. భీమవరం చుట్టూ ఈ మాట ఎత్తితే మొహాలు మాడతాయి కానీ చెప్పాలి. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ (వైట్‌స్పాట్) వైరస్ జబ్బు. యాంటీబయాటిక్ పని చేసేది బాక్టీరియా గోడ మీదో, అది ప్రోటీన్ తయారుచేసుకునే యంత్రం మీదో. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ యంత్రమూ లేదు. మన జలుబుకు అజిత్రోమైసిన్ ఎంత పనిచేస్తుందో తెల్లమచ్చకు యాంటీబయాటిక్ అంతే. క్లోరంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను చెరువుల్లో వాడకూడదన్నది మరో కారణంతో. ఏ వేలమందిలో ఒకరికో, ఎముక మూలుగు రక్తం తయారుచెయ్యడమే మానేసే జబ్బు దానివల్ల వస్తుంది. అది మోతాదు చూసి రాదు. అందుకే రొయ్యలో ఇంత వరకు ఫరవాలేదు అని గీత గియ్యడం కుదరలేదు.

భీమవరం అన్నాం కాబట్టి ఇంకొకాయన్ని తలవాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో అక్కడే పుట్టారు, రాజమండ్రిలో చదివారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం నుంచి 1947లో వచ్చిన డైఇథైల్‌కార్బమజైన్, అంటే డీఈసీ, బోదకాలు మందు. బోదకాలుతో ఈ డెల్టా ఎంత బాధపడిందో మా తాతల తరానికి తెలుసు. ఫైలేరియా వాళ్ళు అర్ధరాత్రి ఇంటింటికీ వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకెళ్ళేవాళ్ళు, ఎందుకంటే ఆ పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రే. ఊరంతటికీ డీఈసీ పంచినప్పుడు కొందరికి జ్వరం, తలనొప్పి వచ్చి 'ఆ బిళ్ళ పడదు' అని పేరుపడింది. ఆ జ్వరం ఎక్కువగా బిళ్ళది కాదు, చస్తున్న పురుగు పిల్లలది. ఒంట్లో అవి ఉన్నవాళ్ళకే బాగా వస్తుంది.

అదే బృందం 1945 ప్రాంతంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, తర్వాత దాన్ని పోలి ఉండి దాని పని చెడగొట్టే పదార్థాలనూ చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరు కొంతకాలమైనా తగ్గడం చూపించాడు, ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. సుబ్బారావుగారు పోయిందీ ఆ ఏడాదే. అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ నా షాపులో అర మీద ఉంది. ఎక్కువ మోతాదులో క్యాన్సరు మందు. చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి, కీళ్ళవాతం మందు. కణం విడిపోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి, ఇది ఆ దారిని మూస్తుంది. వారానికి ఒకసారి వెయ్యాల్సినదాన్ని పొరపాటున రోజూ వేస్తే నోరు పుండవుతుంది, ఎముక మూలుగు ఆగిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఆ దెబ్బ ఒంటికి మరీ తగలకుండా డాక్టర్లు మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం రాస్తారు. అంటే మూసేదీ తెరిచేదీ ఒకే చీటీలో, రెండూ ఆ భీమవరం మనిషి బల్ల మీదినుంచి వచ్చినవే.

రెండూ చిన్న బిళ్ళలు, చాలా కంపెనీల్లో రెండూ పసుపే. కీళ్ళవాతం చీటీ వస్తే నేను స్కెచ్ పెన్ను తీసి మెథోట్రెక్సేట్ పట్టీ మీద 'ఆదివారం ఒక్క రోజే' అని తెలుగులో పెద్దగా రాస్తాను. చదువు రానివాళ్ళయితే ఆ పట్టీని వేరే కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, "ఇది చర్చికెళ్ళే రోజు బిళ్ళ" అనో, "ఇది మన ఊరి సంత రోజు బిళ్ళ" అనో చెప్పి, వాళ్ళ చేత ఒకసారి తిరిగి చెప్పించుకుని అప్పుడు చిల్లర ఇస్తాను.